మాస్కు ఇచ్చారు సరే... కిటికీ మాటేమిటి?

పొద్దున్న ఆరు దాటేసరికి మా బన్సీలాల్‌పేట సందుల్లోంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే పనులకు బయల్దేరుతారు. గాంధీ ఆసుపత్రి మాకు నడక దూరం. నర్సులు, ఆయాలు, వార్డులు ఊడ్చేవాళ్లు, ల్యాబుల్లో పనిచేసే అమ్మాయిలు అటువైపు. జనరల్ బజారు చీరల షాపుల్లో రోజంతా నిలబడి అమ్మేవాళ్లు, గోదాముల్లో సరుకు ప్యాక్ చేసేవాళ్లు, టైలరింగ్ యూనిట్లకు వెళ్లేవాళ్లు ఇటువైపు. ఎవరి చేతిసంచి చూసినా టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా తప్పనిసరి. అడిగితే "అక్కడి నీళ్లు పడవు వదినా" అంటారు. నిజమే, జాగ్రత్త మంచిదే. కానీ గాలిని సీసాలో పట్టుకెళ్లలేం కదా! పనిచేసేచోట ఏ గాలి ఉంటే ఆ గాలే పీల్చాలి, ఎనిమిది గంటలైనా, పన్నెండు గంటలైనా.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. మనిషి రోజుకు తాగే నీళ్లు రెండు మూడు లీటర్లు. పీల్చే గాలి పదివేల లీటర్ల పైమాటే. అంటే ఒక్క షిఫ్టులోనే మూడు నాలుగు వేల లీటర్ల గాలి మన ఊపిరితిత్తుల్లోకి వెళ్లి వస్తుంది. నీళ్లలో నలక కనిపిస్తే గ్లాసు పక్కన పెట్టేస్తాం. గాలిలో ఏముందో కనిపించదు కాబట్టి అడగం. మా పేటలో పాత మెట్ల బావి ఉంది. ఏళ్ల తరబడి చెత్తాచెదారం పోసి దాన్ని పూడ్చేశారు. చివరికి ఆ చెత్తంతా తవ్వి తీసి బాగుచేసి 2022 డిసెంబరు 5న ప్రారంభించారు. ఇప్పుడు ఊళ్లోంచి జనం చూడటానికి వస్తున్నారు. బావి పాడైతే కళ్లకు కనిపించింది, ముక్కుకు తెలిసింది, కాబట్టి ఎప్పటికైనా ఎవరో ఒకరు పూనుకున్నారు. మూసేసిన గదిలో గాలి పాడైతే పూనుకునేదెవరు?

క్షయ, ఫ్లూ, తట్టు, కోవిడ్... ఇవన్నీ గాలి ద్వారా వచ్చే జబ్బులే. ముఖ్యంగా క్షయ సంగతి చూడండి. రోగి దగ్గినప్పుడే కాదు, మాట్లాడినా, పాట పాడినా కంటికి కనిపించని తుంపరలు బయటికొస్తాయి. వాటిలో పెద్దవి నేలమీద పడిపోతాయి. చిన్నవి తడి ఆరిపోయి, ధూళికన్నా తేలికై, గంటల తరబడి గదిలో తేలుతూనే ఉంటాయి. రోగి లేచి వెళ్లిపోయిన తర్వాత ఆ గదిలోకి వచ్చి ఊడ్చే మనిషి కూడా వాటిని పీల్చవచ్చు. ఇది ఊహ కాదు. 1950ల చివర్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో రిచర్డ్ రైలీ, విలియం వెల్స్ అనే శాస్త్రవేత్తలు ఒక క్షయ వార్డులోని గాలిని గొట్టాల ద్వారా పై అంతస్తుకు పంపారు. అక్కడ బోనుల్లో గినీపందులు ఉన్నాయి. అవి రోగుల ముఖం చూడలేదు, వాళ్ల కంచం ముట్టలేదు, పక్కమీద పడుకోలేదు. కేవలం ఆ గాలి పీల్చాయి. వాటికి క్షయ సోకింది! "కంచం వేరు చెయ్యండి, గ్లాసు వేరు పెట్టండి" అని మన ఇళ్లలో రోగిని ఎంత బాధ పెడతామో తలుచుకుంటే, ఈ ప్రయోగం సంగతి ప్రతి అత్తగారికీ చెప్పాలనిపిస్తుంది. అవసరమైంది వేరే కంచం కాదు, తెరిచిన కిటికీ.

ఇంత పాత సంగతి కోవిడ్ వచ్చేసరికి పెద్దపెద్దవాళ్లకే గుర్తు రాలేదు. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇది గాలి ద్వారా వ్యాపించదని ప్రకటించింది. ఆ జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు 'కాదు, గాలి సంగతి పట్టించుకోండి' అని బహిరంగంగా లేఖ రాశారు. ఆ సంస్థ తన మాట స్పష్టంగా మార్చుకునేసరికి 2021 వచ్చింది. ఈలోపు మనచేత ఏం చేయించారు? కూరగాయల్ని ఉప్పునీళ్లలో ముంచి తేల్చటం, పాల ప్యాకెట్లు సబ్బుతో కడగటం, తలుపు గడియలు తుడవటం. ఈ చాకిరీ అంతా ఎవరి నెత్తిన పడిందో మీకు వేరే చెప్పాలా! కిటికీలు తెరవమని మాత్రం గట్టిగా చెప్పినవాళ్లు తక్కువ.

తెలంగాణలో మొదటి కోవిడ్ కేసు 2020 మార్చి 2న బయటపడింది. ఆ రోగికి చికిత్స చేసింది మా గాంధీలోనే. తర్వాత వెయ్యికి పైగా పడకలున్న ఆ ఆసుపత్రిని పూర్తిగా కోవిడ్‌కే కేటాయించారు. మా పేటలో కొందరు ఇళ్ల యజమానులు ఆసుపత్రిలో పనిచేసే ఆడవాళ్లను ఇల్లు ఖాళీ చేయమన్న రోజులవి. సాయంత్రం పళ్లేలు మోగించినవాళ్లే పొద్దున్న వాళ్లను చూసి తలుపు వేసుకున్నారు. ఆ జూలైలో అక్కడి ఔట్‌సోర్సింగ్ నర్సులు, ఆ తర్వాత నాలుగో తరగతి సిబ్బంది విధులు మానేసి బయటికి వచ్చి కూర్చున్నారు. జీతం, ఉద్యోగ భద్రత వాళ్ల డిమాండ్లు. 'ఇంత కష్టకాలంలో సమ్మె ఏమిటి?' అని ముక్కు మీద వేలేసుకున్నవాళ్లున్నారు. నేను మాత్రం వాళ్లు అడిగిన సమయమే సరైనదంటాను. కష్టకాలం కానప్పుడు స్వీపరు మాట ఎవరు విన్నారు గనుక?

ఆ ఏడాదే ఏప్రిల్‌లో విశాఖ జిల్లా నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో మత్తు డాక్టరుగా ఉన్న డాక్టర్ సుధాకర్, తమకు సరిపడా మాస్కులు ఇవ్వటం లేదని పదిమందిలో చెప్పారు. ఆయన్ని సస్పెండ్ చేశారు. తర్వాత నడిరోడ్డు మీద ఆయనకు జరిగిన అవమానం మనమంతా టీవీల్లో చూశాం. ఆ సంగతిపై సి.బి.ఐ. దర్యాప్తుకు హైకోర్టే ఆదేశించింది. 2021 మేలో ఆయన కన్నుమూశారు. రాజకీయాల సంగతి పక్కన పెడదాం. చదువుకున్న డాక్టరు, మగవాడు, ప్రభుత్వోద్యోగి... ఆయన మాస్కు అడిగితేనే అంత జరిగితే, నెలకింతని కాంట్రాక్టరు చేతిలో జీతం తీసుకునే ఆయా నోరు తెరుస్తుందా?

కేంద్ర ప్రభుత్వం 2020 మార్చి 30 నుంచి ఆరోగ్య సిబ్బందికి 50 లక్షల బీమా ప్రకటించింది. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు కూడా వర్తించేలా పెట్టారు. మంచి పనే, కాదనను. అయితే మనిషి పోతే 50 లక్షలు ఇస్తామన్న వ్యవస్థ, మనిషి పోకుండా ఉండేందుకు ఒక సరైన మాస్కూ, గోడలో ఒక ఫ్యానూ ఇవ్వటానికి ఎందుకంత లెక్కలు చూసుకుంటుందో నాకెప్పటికీ అర్థం కాదు.

కోవిడ్ తగ్గింది కదా, ఇప్పుడెందుకీ గోల అంటారేమో. కోవిడ్‌కు ముందూ క్షయ ఉంది, తర్వాతా ఉంది. 2025 నాటికి దేశంలో దాన్ని అంతం చేస్తామని లక్ష్యం పెట్టుకున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం లక్ష జనాభాకు 2015లో 237 కొత్త కేసులుంటే 2024 నాటికి 187కు తగ్గాయి. తగ్గటం సంతోషమే గానీ, అంతం ఎక్కడ! ప్రపంచంలో క్షయ పాలబడే ప్రతి నలుగురిలో ఒకరు మన దేశంవారే. వాళ్లంతా ఏదో ఒక పనిచేసేవాళ్లే. మనం కూర్చున్న బస్సులోనో, మనం కుడుతున్న మిషను పక్కనో ఉన్నవాళ్లే.

మా పక్కవాటాలో ఉండే అక్క ఒక ప్రైవేటు నర్సింగ్‌హోములో ఆయాగా చేస్తుంది. అక్కడ మాస్కులకు కూడా కులం ఉందంటుంది నవ్వుతూ. పెద్ద డాక్టర్లకు ఎన్-95, సిస్టర్లకు మూడు పొరల పల్చటి మాస్కు. ఈమెకు? "నాకా వదినా? పండుగకు పైసలిచ్చినట్టు నెలకొకటిస్తరు. ఉతుక్కొని కట్టుకుంట. డాక్టరుసాబు పేషెంటు కాడ అయిదు నిమిషాలుంటడు. గల్ల కక్కేటప్పుడు వీపు నిమురుకుంట గంట సేపు కూసునేది నేను." ఇంతకన్నా బాగా ఏ ఇంజనీరు చెప్పగలడు? ఎవరు ఎక్కువసేపు, ఎంత దగ్గరగా ఉంటారో వాళ్లకే మంచి మాస్కు కావాలి. మన దగ్గర మాత్రం జీతం ఎక్కువున్నవాళ్లకు మంచి మాస్కు.

మాస్కు గురించి రెండు మాటలు. మూడు పొరల సర్జికల్ మాస్కు మనం దగ్గితే ఎదుటివాళ్ల మీద తుంపర పడకుండా చాలావరకు ఆపుతుంది. గాలిలో తేలే సన్నటి రేణువులు మనలోకి రాకుండా మాత్రం సరిగా ఆపలేదు. బుగ్గల పక్కనుంచి గాలి దూరిపోతుంది. ఎన్-95 అలా కాదు, ముఖానికి అతుక్కుని ఉంటే అతి సన్నటి రేణువుల్లో కూడా నూటికి 95 ఆపుతుంది. 'అతుక్కుని ఉంటే' అన్నమాట మరిచిపోవద్దు. ఒక తాడు నడినెత్తి మీదుగా, రెండోది మెడ వెనకగా వెళ్లేదే నయం. చెవులకు తగిలించేవి అంత బిగువుగా ఉండవు. ఇక్కడే మన ఆడవాళ్ల తిప్పలు మొదలు. కొప్పు అడ్డం, జడ అడ్డం, చిన్న ముఖానికి పెద్ద మాస్కు. ముక్కు దగ్గర వేలు పట్టేంత సందు. మూడు సైజులు తెప్పించి ఎవరికేది సరిపోతుందో చూసి ఇవ్వటం యాజమాన్యం పని. దీన్ని 'ఫిట్ టెస్టు' అంటారు. దుకాణంలో చెప్పులు కూడా వేసి చూడనిదే కొనం, ప్రాణం కాపాడే మాస్కు మాత్రం అందరికీ ఒకటే సైజా! ఇంకో సంగతి, ముందు చిన్న ప్లాస్టిక్ మూత లాంటి వాల్వు ఉన్నవి మనల్ని కాపాడతాయి గానీ మనం వదిలే గాలిని వడకట్టవు. జబ్బున్నవాళ్లు అవి వాడకూడదు.

ఇంత చెప్పినా, మాస్కు చివరి కట్టడే. పన్నెండు గంటల షిఫ్టులో అన్నం తినాలి, నీళ్లు తాగాలి, ఫోను మాట్లాడాలి. చెమటకు ఉడికిపోయి కిందికి లాగుతాం. కాబట్టి మనిషి ముఖం మీద భారం వేసేముందు గది సంగతి చూడాలి. ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సింగు గురించి రాసిన పుస్తకంలో మొట్టమొదటి అధ్యాయమే గాలి గురించి. రోగి పీల్చే గాలి బయటి గాలంత స్వచ్ఛంగా ఉండాలన్నది ఆమె పట్టుదల. క్రిముల సంగతి అప్పటికి ఆమెకు నమ్మకం లేదు, దుర్వాసన వల్లే జబ్బులొస్తాయనుకుంది. కారణం తప్పు చెప్పినా కిటికీ మాత్రం సరిగ్గా తెరిపించింది!

పెరూ దేశంలోని లీమా నగరంలో 2007లో వెలువడిన ఒక పరిశోధన నాకు చాలా ఇష్టం. ఎనిమిది ఆసుపత్రుల్లో 70 గదులు కొలిచి చూశారు. ఎత్తయిన కప్పులు, పెద్ద పెద్ద కిటికీలు ఉన్న పాతకాలపు వార్డుల్లో కిటికీలన్నీ తెరిస్తే, గాలి గంటకు 40 సార్లు మారుతోంది. ఖర్చుపెట్టి యంత్రాలు బిగించిన కొత్త గదుల్లో లెక్కప్రకారం మారాల్సింది 12 సార్లు. పాత సికింద్రాబాదు ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. పదిహేనడుగుల కప్పు, దాని కిందనే గాలిగూడు, ఎదురెదురుగా కిటికీలు. వాటిని పడగొట్టి అపార్టుమెంట్లు, వాటి సెల్లార్లలో ఆఫీసులు, క్లినిక్కులు, డయాగ్నొస్టిక్ సెంటర్లు కట్టుకున్నాం.

ఇక ఏసీ. చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్పాలి. గోడకు పెట్టే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు. గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్లీ మన మీదికే వదులుతుంది. అంటే పదిమంది వదిలిన ఊపిరిని చల్లగా మళ్లీ పదిమందికీ పంచుతుందన్నమాట. చల్లగా ఉంది కదా, హాయిగా ఉంది కదా అనుకుంటాం. మధ్యాహ్నం మూడింటికల్లా తలనొప్పి, ఆవలింతలు ఎందుకొస్తాయో ఆలోచించం. దీన్ని కొలవటానికి చిన్న మీటర్లు దొరుకుతున్నాయి. మనం వదిలే కార్బన్ డై ఆక్సైడ్ ఎంత పేరుకుందో అది చూపిస్తుంది. ఆరుబయట పదిలక్షల పాళ్లలో 420 దాకా ఉంటుంది. గదిలో వెయ్యి దాటిందంటే ఒకరి ఊపిరి ఒకరు పంచుకుంటున్నట్టే లెక్క. ఒక్కో ఆఫీసుకు ఒక్క మీటరు కొంటే ఆస్తులేం కరిగిపోవు. గోడకు బీపీ చార్టు తగిలించినట్టు ఆ అంకె అందరికీ కనిపించేలా పెట్టాలని నా కోరిక.

కేంద్ర ఆరోగ్యశాఖ 2010లోనే ఆసుపత్రుల్లో గాలి ద్వారా వచ్చే జబ్బుల నివారణకు మార్గదర్శకాలు ప్రచురించింది. వాటిలో ఉన్నవి ఆకాశంలోని చుక్కలేం కావు. దగ్గుతున్నవాళ్లను క్యూలోనే గుర్తించి ముందు లోపలికి పంపాలి, వాళ్లకు మాస్కు ఇవ్వాలి, కూర్చునేచోటు గాలి ఆడేలా ఉండాలి, ప్రమాదం ఎక్కువున్న గదుల్లో గంటకు 12 సార్లయినా గాలి మారాలి. ఫ్యాను ఎటు తిరిగి ఉండాలో, డాక్టరు కుర్చీ ఎక్కడ వేయాలో కూడా ఆలోచించాలి. గాలి సిబ్బంది వైపునుంచి రోగి మీదుగా బయటికి పోవాలి గానీ, రోగి మీదుగా సిబ్బంది ముఖానికి రాకూడదు. కుర్చీ అటు నుంచి ఇటు జరపటానికి టెండర్లు పిలవక్కర్లేదు కదా!

అసలు ప్రమాదం ఎక్కడుందో కూడా మనం తప్పుగా అనుకుంటాం. క్షయ అని తెలిసి మందులు సరిగ్గా వాడుతున్న మనిషిని చూసి భయపడతాం. మందు పనిచేయటం మొదలైతే ఎక్కువమందిలో అంటించే గుణం కొద్దిరోజుల్లోనే, మహా అయితే కొద్దివారాల్లో పోతుంది. భయపడాల్సింది ఇంకా ఎవరికీ తెలియని దగ్గుకు. అందుకే ఓపీ చీటీ రాసే గుమాస్తా, గేటు దగ్గర సెక్యూరిటీ అతను, ఎక్స్‌రే గది ముందు లైను సర్దే ఆయా... వీళ్లే ముందు వరసలో ఉన్నవాళ్లు. ఆసుపత్రులలోనే కాదు, ఏ ఆఫీసులో అయినా ఇదే.

నేను పాతికేళ్లు లెక్కలు రాసిన సంస్థ పేరు ఇక్కడ అనవసరం. సెల్లారులో పద్నాలుగు మందిమి. కిటికీలకు బయటినుంచి బోర్డులు, లోపలినుంచి ఫైళ్ల బీరువాలు. నా పక్క టేబులు అమ్మాయి నెలన్నర దగ్గింది. మేనేజరు గారు పరీక్ష చేయించుకోమనలేదు. "ఇలా దగ్గితే కస్టమర్లు ఏమనుకుంటారమ్మా?" అన్నారు. ఆమె దగ్గు మందు సీసా సొరుగులో పెట్టుకుని, దగ్గు వచ్చినప్పుడల్లా బాత్రూములోకి పరిగెత్తేది. సెలవు పెడితే జీతం కోత, జబ్బు పేరు చెబితే ఉద్యోగమే పోతుందని భయం. చివరికి క్షయ అని తేలింది, ఉద్యోగమూ పోయింది. ఆమె ఖాళీ చేసిన కుర్చీకి డెట్టాలు పోసి తుడిచారు! బీరువా మాత్రం కిటికీకి అడ్డంగా అలాగే ఉండిపోయింది.

ఆ అమ్మాయి అలా దాచుకోవటానికి కారణం అజ్ఞానం కాదు. ఆమె డిగ్రీ చదివింది. జీతంతో కూడిన సెలవు లేకపోవటమే కారణం. అందుకే సెలవు కూడా మాస్కు లాంటిదే, కిటికీ లాంటిదే అంటాను. జబ్బుపడ్డ మనిషి నిర్భయంగా ఇంట్లో ఉండగలిగితే మిగతా పదమూడుగురూ బతికిపోతారు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే గాలి ఆడేలా ఏర్పాట్లుండాలని ఒక సెక్షను, కిక్కిరిసి కూర్చోబెట్టకూడదని మరో సెక్షను ఉండేవి. మనిషికి 14.2 ఘనపు మీటర్ల చోటు ఉండాలన్నారు. పదడుగుల కప్పున్న గదిలో అది సుమారు ఏడడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. మీ టైలరింగ్ యూనిట్లో కొలిచి చూసుకోండి! 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. గాలి, వెలుతురు, సరిపడా చోటు యాజమాన్యం బాధ్యతేనని అందులోనూ ఉంది. కానీ కరెంటు మిషన్లున్నచోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ అనేవారు, ఇప్పుడు ఇరవై మంది ఉండాలి. మా సందుల్లోని కుట్టుకేంద్రాల్లో ఎన్ని ఈ లెక్కకు అందుతాయో ఊహించుకోండి. ఆరుగురు, ఎనిమిదిమంది ఉండే గదులే ఎక్కువ. గాలి అక్కడే తక్కువ.

ఇంకోటి చాలామంది నర్సమ్మలకే తెలియదు. అంటుజబ్బు సోకే ప్రమాదం ప్రత్యేకంగా ఉన్న పనిలో అంటుజబ్బు వస్తే అది వృత్తి వ్యాధి కిందికే వస్తుందని 1923 నాటి పరిహార చట్టం షెడ్యూలులోనే చేర్చారు. ఇప్పటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ జాబితా ఉంది. అంటే క్షయ వార్డులో చేసే ఆయాకు క్షయ వస్తే అది ఆమె తలరాత కాదు, పనిలో తగిలిన దెబ్బ. మిషనులో వేలు పడితే ఎలాగో ఇదీ అలాగే. ఈ.ఎస్.ఐ. కార్డు ఉన్నవాళ్లకు మరో సదుపాయం ఉంది. మామూలు జబ్బుకు 91 రోజులే భత్యం వస్తుంది గానీ, క్షయ లాంటి దీర్ఘవ్యాధులకు కొన్ని షరతులకు లోబడి రెండేళ్లదాకా జీతంలో 80 శాతం వస్తుంది. మీ జీతంలోంచి కోసే డబ్బు ఇదే తల్లీ, అడిగి తీసుకోండి. కాంట్రాక్టరు నిజంగా కడుతున్నాడో లేదో ముందు చూసుకోండి. ప్రభుత్వం క్షయ రోగులకు తిండి కోసం ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి నెలకు వెయ్యి రూపాయలు చేశారు. ధరలు చూస్తే ఆ వెయ్యితో పాలు, గుడ్లు ఎన్నాళ్లొస్తాయో గృహిణులకు వేరే చెప్పాలా.

కిటికీ తెరవమంటే నాకు వచ్చే జవాబులు కొన్ని ఉన్నాయి. దుమ్ము వస్తుంది, రోడ్డు మోత, దొంగల భయం, దోమలు. అన్నీ నిజాలే, కొట్టిపారేయను. దోమల సంగతే తీసుకోండి. మలేరియా అన్నమాటకు అర్థమే 'చెడుగాలి'. అది గాలి తప్పు కాదు, దోమ పని అని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. గాలికి ఆ నింద పోయింది గానీ దోమకు భయపడి మనం కిటికీలే మూసేశాం! జాలీ బిగిస్తే రెండూ కుదురుతాయి. కాకపోతే దాన్ని నెలకోసారి దులపాలి, లేకపోతే జాలీయే గోడవుతుంది. దుమ్ము, మోత ఉన్నచోట ఒక గోడకు ఎగ్జాస్టు ఫ్యాను, ఎదుటి గోడకు గాలి వచ్చే దారి పెడితే చాలావరకు సరిపోతుంది. ఆ ఎదుటి దారి లేకుండా ఫ్యాను ఒక్కటే తిప్పితే లాభం తక్కువ. ఎండాకాలం ఏసీ కావాలంటే వేసుకోండి, ఎవరొద్దన్నారు? గంటకోసారి పది నిమిషాలు తలుపులు బార్లా తీస్తే బిల్లు కొంచెం పెరుగుతుంది. అది తప్పదు.

దొంగల భయం మాట ఎత్తారు కాబట్టి, మా పక్కనున్న బోయిగూడ గుర్తొస్తుంది. 2022 మార్చి 23 తెల్లవారుజామున అక్కడి తుక్కు గోదాములో మంటలు లేచి, పైన పడుకున్న 11 మంది బీహారు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అది అగ్నిప్రమాదం, జబ్బు కాదు, తెలుసు. కానీ సరుకుకు కాపలాగా కట్టిన గదిలో మనిషికి గాలీ దారీ ఎవరు ఆలోచిస్తారు? పొగకు దారి లేని గదిలో దగ్గుకూ దారి ఉండదు.

పనిచేసేచోట స్త్రీకి భద్రత అనగానే మనకు వేధింపులు గుర్తొస్తాయి. ఒకప్పుడు దానికీ 'నువ్వే జాగ్రత్తగా ఉండాలి, సరైన బట్టలు వేసుకోవాలి, చీకటి పడకముందే ఇంటికి రావాలి' అనేవారు. 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, తర్వాత 2013లో వచ్చిన చట్టం ఆ మాట మార్చాయి. బాధ్యత యాజమాన్యానిది అన్నాయి, కమిటీ వేయమన్నాయి. గాలి విషయంలో మనం ఇంకా ఆ పాత మాట దగ్గరే ఆగిపోయాం. నువ్వే మాస్కు కట్టుకో, నువ్వే పసుపు పాలు తాగు, నువ్వే ఆవిరి పట్టు! పసుపు పాలు తాగండి, నేనూ తాగుతాను. కానీ అవి సెల్లారుకు కిటికీ పెట్టలేవు.

అడగటం ఎలా అంటే, ఒంటరిగా అడగొద్దు. మా సందు చివర కుట్టుకేంద్రంలో తొమ్మిదిమంది ఆడవాళ్లున్నారు. వాళ్లలో ఒకామెకు కిందటేడు క్షయ వచ్చి, ఆరునెలల మందులు వాడి నయమై తిరిగి పనికి వచ్చింది. ఆమె వచ్చాక అందరూ కలిసి సేటు దగ్గరికి వెళ్లి రెండు ఎగ్జాస్టు ఫ్యాన్లు అడిగారు. ఒక్కత్తే అడిగితే "రేపట్నించి రాకు" అనేవాడే. తొమ్మిదిమందినీ ఒకేసారి పంపేస్తే పెళ్లిళ్ల సీజను బ్లౌజులు ఎవరు కుడతారు? ఒకటి వెంటనే పెట్టించాడు, రెండోదానికి దసరాదాకా సాగదీశాడు. కరెంటు బిల్లు పెరిగిందని ఇప్పటికీ సణుగుతూనే ఉంటాడట. మధ్యాహ్నం తలనొప్పులు తగ్గాయని వాళ్లంటున్నారు. వానొస్తే మాత్రం రెండో ఫ్యాను బొక్కలోంచి నీళ్లు కారి కుట్టే గుడ్డమీద పడుతున్నాయని, పైన రేకు కొట్టించమని మళ్లీ అందరూ కలిసి వెళ్లబోతున్నారు.